వేపగిన్నెలు పగిలిన దసరా

హైటెక్ సిటీ పక్కన ఒకప్పుడు ఒక చెక్కపని క్లబ్బు ఉండేదనీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆదివారాలు చెమటోడ్చి అంతరించిపోతున్న ఖరాదు కళను బతికించబోయారనీ, హస్తకళల సంస్థ నుంచి వచ్చిన ఒక ఆడ అధికారి కళ్లలో నిప్పులు పోసుకుని, లేనిపోని తప్పులు వెతికి దాన్ని మూయించిందనీ చెప్పుకుంటారు. ఈ కథ నా ఎదురుగానే రెండుసార్లు చెప్పారు. ఒకసారి పెళ్లి భోజనాల పంక్తిలో, పక్క విస్తరి ఆయన. ఆ అధికారిని నేనేనని ఆయనకు తెలియదు. "ఆవిడ నోరు చాలా చెడ్డదటండీ" అని కూడా కలిపాడు. ఆ ఒక్క ముక్కతో నాకు పేచీ లేదు.

మిగతాదంతా అబద్ధం. నేను ఆ రోజు తప్పులు వెతకనే లేదు. నేను చేసిన తప్పు అదే. గంట తిరక్కుండా పగిలిపోయే గిన్నెలకు మొదటి రకం వేశాను. పగలని ఒకే ఒక్క గిన్నెకు మూడో రకం వేశాను. దాంతో కొండాపూర్ యాదమ్మ అనే మనిషికి రావలసిన ఉద్యోగం పోయింది. పెళ్లిపంక్తుల్లో తిరిగే కథలో యాదమ్మ పేరే ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా సంస్థలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మేడమ్, ఈ ఉద్యోగం గురించి మాకోసం ఏదైనా రాయండి" అన్నారు. ప్రమోషన్ల గురించి రాయను, నాకు పెద్దగా రాలేదు కనుక. ఫైళ్ల గురించి రాయను, అవి వాటంతట అవే నేర్పుతాయి. యాభై నాలుగేళ్లకే స్వచ్ఛందంగా బయటికొచ్చినదాన్ని, నాకు దాచుకోవలసిన పరువు కూడా లేదు. కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

చేతులతో చేసే ఉద్యోగం

మన పనిని నాణ్యతా పరీక్ష అంటారు. తయారైన వస్తువు దుకాణానికి వెళ్లకముందే చూసి మొదటి రకమా, రెండో రకమా, మూడో రకమా చెప్పాలి. నన్ను వేసింది ఖరాదు పట్టిన చెక్క సామాను విభాగంలో. చెక్కను గిర్రున తిప్పుతూ దానికి ఉలి ఆనించి గుండ్రంగా మలిచే పని అది. మా గోదావరి వైపు పెద్దవాళ్లు తరిమెన పట్టడం అనేవారు, హైదరాబాదులో ఖరాదు అంటారు, క్లబ్బు వాళ్లు వుడ్ టర్నింగ్ అని గొంతు సవరించుకుని అనేవారు. భరిణెలు, బొంగరాలు, చపాతీ కర్రలు, గిన్నెలు అన్నీ ఆ తిరుగుడులోంచే పుడతాయి.

కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. ఏ చెట్టునైనా లాటిన్‌లో పిలవగలను. చెట్టు పలకదు, అది వేరే సంగతి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చపాతీ కర్రలకు నున్నగా, నిగనిగలాడేలా ఎర్ర లక్క పట్టించి తీరాలని పట్టుబట్టాను. చేసేవాళ్లు "వద్దమ్మా, పొయ్యి దగ్గర ఉండే వస్తువు" అన్నారు. నేను వినలేదు. కర్రలు అద్దాల్లా వచ్చాయి. అన్నిటికీ మొదటి రకం. వారం తిరక్కుండా ఇల్లాళ్లు వాటిని పట్టుకుని దుకాణానికి వచ్చారు. వేడి పెనం పక్కన పెట్టేసరికి లక్క మెత్తబడి పిండికి అంటుకుందట. ఒకావిడ గులాబిరంగు చపాతీ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరు తినండి" అంది. ఆ తరువాత నేను వినడం నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకోలేదు.

మా పై అధికారి

రంగారావు గారు మా డిప్యూటీ డైరెక్టర్. ఆయన చెక్క వస్తువును చేత్తో పట్టుకోగా నేను చూడలేదు. వస్తువుకి కట్టిన చీటీ చదివేవారు. మైకు కనిపిస్తే మాత్రం రెండు చేతులతో పట్టుకునేవారు. "సుభద్రా, వస్తువు బాగుంటే చాలదమ్మా, ఫొటోలో బాగుండాలి" అని నాకు ఉపదేశించేవారు. అంత నిజాయితీగా తన మనసు విప్పి చెప్పిన అధికారిని ఇంకొకరిని చూడలేదు నేను. అయినా చెబుతున్నాను, ఇలాంటివాడు మీ మీద ఉంటే ఆయన్ని నిందిస్తూ కూర్చోకండి. ఆయన కళ్లు మీరే. మీ కళ్లు బాగుంటే ఆయన గుడ్డితనం వల్ల పెద్ద నష్టం లేదు.

ఆదివారపు వడ్రంగులు

హైటెక్ సిటీ తొలి భవనానికి అద్దాలు మెరిసే కొత్తరోజులవి. చుట్టూ ఇంకా బండరాళ్లు, బండలు పేల్చే చప్పుళ్లు, కొండాపూర్ నుంచి పాలక్యాన్లతో వచ్చే సైకిళ్లు. కోకాపేట, తెల్లాపూర్ అంటే పొలాలే. రోడ్లు వెడల్పు చేయడానికి ఆ ఏడాదంతా ఇరుపక్కలా వేపచెట్లు కొడుతూనే ఉన్నారు. ఆ మొద్దుల్ని చూసి కొందరు సాఫ్ట్‌వేర్ మేనేజర్లకు కళ పుట్టుకొచ్చింది. కొండాపూర్ రోడ్డులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కరెంటుతో తిరిగే లేతులు తెప్పించి, క్లబ్బు పెట్టారు. ప్రతి సభ్యుడికీ పేరు కుట్టిన ఏప్రాన్ ఉండేది. మొదటి ఆరువారాలూ ఏప్రాన్ రంగు మీదే చర్చ జరిగిందని ఒక సభ్యుడే నాకు చెప్పాడు.

వాళ్ల పనితనం గురించి నిజం చెప్పాలి. ఒక దంతవైద్యుడు కుంకుమభరిణె చేశాడు. మూత ఎంత బాగా బిగిసిందంటే ఇప్పటికీ తెరుచుకుని ఉండదు. ఒక బ్యాంకాయన బొంగరాలు చేశాడు. ఒక్కటీ తిరగదు, కానీ నిలబెడితే చక్కగా నిలబడతాయి. "షోపీస్" అన్నాడు. ఎందుకూ పనికిరాని ప్రతి వస్తువుకూ ఆ క్లబ్బులో అదే పేరు. గిన్నెలు మాత్రం, ఒప్పుకోవాలి, చూడటానికి బాగుండేవి. పల్చటి అంచులు, మెరిసే పాలిష్.

గిన్నెలు బాగుండటానికి కారణం యాదమ్మ. కొండాపూర్ ఊరి మనిషే. భర్త సత్తయ్య పాతకాలపు తాడు ఖరాదు మీద పనిచేసేవాడు. ఆ యంత్రానికి ఇద్దరు కావాలి. ఒకరు తాడు లాగుతుంటే చెక్క తిరుగుతుంది, ఇంకొకరు ఉలి పడతారు. పెళ్లయిన నాటి నుంచి యాదమ్మ తాడు లాగింది. సత్తయ్య చేతులు వణకడం మొదలయ్యాక ఉలి తనే పట్టింది. క్లబ్బువాళ్లు ఆమెను శనివారాలు పిలిపించి ఉలులు సాన పట్టించుకునేవారు, మొద్దుల్ని గిన్నె ఆకారానికి తెప్పించుకునేవారు. ఆదివారం వచ్చి, మిగతాది వాళ్లు చేసి, అడుగున సంతకం పెట్టేవారు.

క్లబ్బు కార్యదర్శి ప్రభాకర్, గుంటూరు వైపు మనిషి, ఒక కంపెనీలో మేనేజర్, ఆమెను నాకు పరిచయం చేస్తూ "మా అసిస్టెంటండీ" అన్నాడు.

"అసిస్టెంటు ఎవరికండీ?" అన్నాను.

"అందరికీనండీ" అన్నాడు, నవ్వుతూ. నా ఎత్తిపొడుపు ఆయనకు తగల్లేదు.

ఆ రోజుల్లోనే మా సంస్థ కొండాపూర్‌లో ఖరాదు నేర్పే కేంద్రం ఒకటి పెట్టబోతోంది. నేర్పడానికి ఒక్కరే కావాలి. ఆ ఒక్కరూ యాదమ్మే అవుతుందని నేను అనుకున్నాను, ఆమె చేత దరఖాస్తు కూడా నేనే పెట్టించాను. అప్పుడామె అన్న మాట బాగా గుర్తుంది.

"మా ఆయనకు చేతులు వణుకుతయమ్మ. ఆడది ఉలి వట్టుకుంటె ఊర్లె మందికి నవ్వులాట. గవర్నమెంటోళ్లు టీచరమ్మ అంటె ఇగ ఎవ్వల్ నవ్వరు గద?"

"ఎవరూ నవ్వరు" అన్నాను, ఉద్యోగం నా కొంగున కట్టుకున్నట్టు.

రంగారావు గారికి ఇంటర్వ్యూలంటే చిరాకు. "దసరాకి క్లబ్బువాళ్లు ఆయుధపూజ, ప్రదర్శన పెడుతున్నారు, నన్ను పిలిచారు. అక్కడ తలా ఒక వస్తువు పెట్టమను. నువ్వు రకాలు వెయ్యి. దాన్నిబట్టి ఉద్యోగం ఎవరికో నేను మైకులో చెప్పేస్తాను" అన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. ఆమెకు సాటి ఎవరున్నారక్కడ?

నేను చూసి చూడనిది

దసరా పొద్దున షెడ్డు కళకళలాడింది. లేతులకు పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. ఉలులన్నీ పీట మీద వరసగా పెట్టి బొట్లు పెట్టారు. ఎవరో రెండు కంప్యూటర్లు కూడా మోసుకొచ్చి వాటికీ దండలు వేశారు. భార్యలు పట్టుచీరల్లో, భర్తలు కుర్తాల మీద ఏప్రాన్లలో. పులిహోర వాసన, పాలిష్ వాసన కలిసిపోయి ఉన్నాయి.

తెల్లబట్ట పరిచిన బల్ల మీద గిన్నెలు. ప్రభాకర్ గిన్నెని చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా, చల్లగా ఉంది.

"ఇంత చల్లగా ఉందేంటండీ?"

"అదే మా సీక్రెట్టండీ" అన్నాడు. "చెక్క ఆరడానికి నెలలు పడుతుందంటారు పాతకాలం వాళ్లు. మాకు దసరా డెడ్‌లైన్. మా ఆఫీసు సర్వర్ రూములో పొద్దస్తమానం ఏసీ. పెద్ద కంప్యూటర్లుండే గదండీ, తేమ అన్నది ఉండదు. గిన్నెలు పూర్తిచేసి మూడ్రోజులు అక్కడ పెట్టాం. పొద్దున్నే కార్లో తెచ్చాం."

వృక్షశాస్త్రం చదివినదాన్ని. చెట్టులో నీరు ఎలా ఎక్కుతుందో, ఏ నాళంలో ఎక్కుతుందో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మొన్న వినాయకచవితికి రోడ్డు పక్కన కొట్టిన చెట్టు దసరాకి ఎలా ఆరుతుంది అని అడగాలి కదా? పచ్చి కర్ర పైపైన త్వరగా ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి లాక్కుని చీలిపోతుంది. ఇది నాకు తెలుసు. పుస్తకంలో తెలుసు. "మంచి ఉపాయమే" అన్నాను ప్రభాకర్‌తో. సరిగ్గా ఆ మాటే అన్నాను. కాలిపర్ పెట్టి కొలిచాను. అంచు చుట్టూ ఒకే మందం. మొదటి రకం.

తరువాత యాదమ్మ గిన్నె. గోనెసంచీలో చెక్కపొట్టు నింపి, అందులో కప్పిపెట్టి తెచ్చింది. పొట్టు దులిపి నా చేతిలో పెట్టింది. అంచు రెండు వేళ్ల మందం. లోపల ఉలి గీతలు అలాగే ఉన్నాయి, ఉప్పుకాగితం ముట్టలేదు. పాలిష్ లేదు. ఇటుకంత బరువు. అదీ చల్లగానే ఉంది. ఆ గిన్నె ఏ ఏసీ గదికీ వెళ్లలేదు. గోనెసంచీలోంచి వచ్చిన గిన్నె ఎందుకు చల్లగా ఉందని నన్ను నేను అడగలేదు. లోపల గోరుతో గీకాను. గోరు దిగింది. అప్పుడూ అడగలేదు.

నా కోపమల్లా వేరు. ఈ మనిషి నా మాట నిలబెట్టలేదని.

"ఏంటిది యాదమ్మా? సగంలో వదిలేశావు!"

"దానికింక టైమున్నదమ్మ" అంది.

"టైమెక్కడుంది? రంగారావు గారు పదకొండింటికి వచ్చేస్తారు. ఇంకా అరగంట ఉంది. లేత్ ఇక్కడే ఉంది. కూర్చో, పూర్తి చెయ్యి."

ఆమె పీట మీద బొట్లు పెట్టిన ఉలుల వైపు చూసింది. "పూజల వెట్టిన ఉలి ఇయ్యాల ముట్టమమ్మ. మల్ల రేపే."

"ఉద్యోగం పోతుందే!"

"గట్లనా?" అంది. కొంచెంసేపు గిన్నె అంచు మీద బొటనవేలు తిప్పింది. "అయినా ముట్టమమ్మ."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్న ఆడవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఎదుటి మనిషి చెప్పే రెండు కారణాల్లో మూఢనమ్మకం అనిపించేదాన్ని పట్టుకుని, రెండోదాన్ని వదిలేస్తాం. మొదటి కారణం చెక్కకి సంబంధించింది, రెండోది పండక్కి. నేను పండగే విన్నాను. 'పని పూర్తికాలేదు. మూడో రకం' అని రాసి సంతకం పెట్టాను. కాగితం ప్రభాకర్ ద్వారా గేటు దగ్గర దిగుతున్న రంగారావు గారి చేతికి వెళ్లిపోయింది.

ఉపన్యాసం

ఫొటోల కోసం బల్ల మీదికి నాలుగు పెద్ద కరెంటు దీపాలు తిప్పారు, బల్లంతా వేడెక్కింది. రంగారావు గారు మైకు పట్టుకున్నారు.

"ఒక చేత్తో కంప్యూటరు, ఒక చేత్తో ఉలి. ఇదీ నేటి హైదరాబాదు..."

టక్.

ఆయన కెమెరా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. కెమెరా చప్పుడు అనుకున్నారు.

"మన సంప్రదాయం ఎంత గట్టిదంటే..."

టక్. టక్.

దంతవైద్యుడి గిన్నె అంచు నుంచి అడుగుదాకా చీలింది. ఆయన దాన్ని మెల్లగా అటువైపు తిప్పి పెట్టాడు. అటువైపూ ఒకటి ఉంది. బ్యాంకాయన భార్య "ఏవండీ, మనది కూడా" అంది, అందరికీ వినపడేలా. తరువాత వరసగా, మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు. ఒక గిన్నె పగలడమే కాక కొంచెం ఎగిరి పక్కదాన్ని తాకింది. ముందు వరసలో కూర్చున్న ముసలాయన బాణాసంచా అనుకుని చెవులు మూసుకున్నాడు. ప్రభాకర్ గిన్నె చివరిది. అది నిలబడుతుందేమోనని ఆయన ముఖంలో ఆశ కనబడింది. గిన్నె శుభ్రంగా రెండు చెక్కలైంది. చీలికలో తడి మెరిసింది.

"సహజత్వమండీ" అన్నాడు నాతో, ముఖం చెక్కు చెదరకుండా. "చెక్క అన్నాక సహజమైన చీలికలే అందమండీ."

"అలాగే మీ ఆఫీసు అద్దాలక్కూడా పెట్టించండి" అన్నాను. నా నోరు అప్పటికి పనిచేసింది. చెయ్యి చేయవలసిన పని చేయలేదు కనుక నోటి మీద భారం పడింది.

బల్ల చివర యాదమ్మ గిన్నె అలాగే కూర్చుని ఉంది. మందంగా, మొరటుగా. అప్పుడు నాకు అర్థమైంది. పచ్చి కర్రతో గిన్నె చేయవలసిన పద్ధతే అది. ముందు మందంగా తొలిచి, పొట్టులో కప్పి, నెలల తరబడి నీడలో ఆరనిచ్చి, కర్ర తన వంపులన్నీ తిరిగాక అప్పుడు పల్చగా తీయాలి. ఆమె పని సగంలో వదలలేదు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది. దాన్ని ఆ రోజు పూర్తి చేయమని నేను బతిమాలాను.

రెండు గంటల తేడా

రంగారావు గారిని షెడ్డు వెనక్కి పిలిచాను. రకాలు మార్చాలన్నాను.

"పదిన్నరకి ఒక అభిప్రాయం, పన్నెండున్నరకి ఒకటా సుభద్రా?"

"పదిన్నరకి నేను పొరపాటు పడ్డాను సార్. గిన్నెలే చెబుతున్నాయి కదా."

"గిన్నెలు సంతకం పెట్టవమ్మా. నువ్వు పెట్టావు."

నేను వాదించాను. వాదించడం నాకు చేతనవును. నోటీసు ఇస్తానన్నారు, ఇవ్వండన్నాను. నన్ను వేరే ఊరికి పంపుతానన్నారు, పంపండన్నాను. చివరికి ఆయన నెమ్మదిగా ఒక మాట అన్నారు: "నీకే తెలియలేదు పొద్దున. నాకెలా తెలుస్తుందనుకున్నావు?"

మైకులోకి వెళ్లి ఆయన ప్రకటించింది ఇది: శిక్షణ కేంద్రానికి గౌరవ ప్రధాన శిక్షకుడిగా ప్రభాకర్ గారు, జీతం లేకుండా, కేవలం కళ మీది ప్రేమతో. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు చెక్కలైన గిన్నె ఎదురుగా ఉండగానే కొట్టారు. యాదమ్మ గిన్నెని మళ్లీ పొట్టులో కప్పి, గోనెసంచీ మూతి కట్టుకుని వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లి ఉండవచ్చు. వెళ్లలేదు. పులిహోర తిన్నాను.

ప్రభాకర్ నాలుగు ఆదివారాలు పాఠం చెప్పాడు. అయిదో ఆదివారానికి వాళ్లందరికీ ఆఫీసుల్లో పని ముంచుకొచ్చింది. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని భయపడ్డ రోజులవి. చెక్క మాట ఎవరికి గుర్తుంటుంది? లేతుల మీద బరకం కప్పారు. శిక్షణ కేంద్రం షెడ్డులో మా సంస్థ జీపు పెట్టుకున్నారు. క్లబ్బు మూయించింది నేనట! అంత సామర్థ్యం ఉంటే ముందు జీపును బయటికి తోయించేదాన్ని.

కొత్తగా చేరుతున్న అమ్మాయిలూ, నేను చెప్పగలిగింది ఒక్కటే. వస్తువును కొలవకముందు చెంపకు ఆనించుకోండి, పచ్చి కర్రయితే చల్లగా తగులుతుంది. చేసిన మనిషిని అడగండి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి. తరువాతే కలం తీయండి. కలం ముందు తీస్తే చెవులు పనిచేయవు.

బస్టాపులో

మరుసటి ఎండాకాలం యాదమ్మ నాకు కొండాపూర్ బస్టాపులో కనబడింది. సత్తయ్యను దవాఖానాకు తీసుకెళ్లి వస్తోంది. ఆయన్ని నీడలో కూర్చోబెట్టి నా దగ్గరికొచ్చింది. కోపం ఏమీ లేదు ముఖంలో.

"బాగున్నవా అమ్మ?"

"బాగున్నాను. పని నడుస్తోందా?"

"ఏం పనమ్మ. ఆ అద్దాల ఆఫీసుల ఊడుస్తున్న. నీడపట్టునుంటది, జర నయమే. ఉలులు అమ్మేసిన."

గిన్నె ఏమైందని అడిగాను. ఎండలు ముదిరాక పల్చగా తీసిందట. వెంట్రుకంత చీలిక కూడా రాలేదట. ఎవరికో ఇచ్చేసింది.

అప్పుడు నేను ఆగలేకపోయాను. "మరి ఆ రోజు నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా యాదమ్మా, కర్ర ఇంకా పచ్చిగా ఉందని?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"చెప్పుడేందమ్మ? నువ్ చేతిల వట్టుకున్నవ్ గద. బరువు చూసినవ్. గోరుతోని గీకినవ్. అంత సదువుకున్నదానివి." నీడలో కూర్చున్న సత్తయ్య వైపు ఒకసారి చూసింది. "తెలిసే రాసినవనుకున్న. పెద్దోళ్ల దిక్కున్నవేమో అనుకున్న. ఉద్యోగాలోళ్లకు తప్పదు గద అని ఊకున్న."

అంటే ఆమె దృష్టిలో నేను మోసం చేశాను, ఆమె దాన్ని క్షమించేసింది కూడా. నాకు నిజంగా తెలియలేదని చెప్పాలి. నోరు తెరిచాను. "మోసగత్తెను కాను, తెలివితక్కువదాన్ని" అన్న వాక్యం నోట్లోంచి రాలేదు. ఈలోగా బస్సు వచ్చింది. ఆమె సత్తయ్య చంకకింద చెయ్యి వేసి ఎక్కించింది, తనూ ఎక్కింది, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

తరువాత కొండాపూర్‌లో వెతికాను. వాళ్ల ఇంటి స్థలంలో అపార్ట్‌మెంటు లేచింది, వాళ్లు ఎటు వెళ్లారో ఎవరూ చెప్పలేదు. మీలో ఎవరికైనా ఆమె కనబడితే నా తరఫున ఒక సంగతి కనుక్కోండి. పచ్చి కర్రను చేత్తో పట్టుకుని కూడా నేను పోల్చుకోలేకపోయానని ఇన్నేళ్లకైనా యాదమ్మకు అర్థమైందా, లేక ఆమె ఇంకా నన్ను క్షమిస్తూనే ఉందా?